బాబాయ్ ఫోన్లో పచ్చకొండ

"పన్నెండు! పన్నెండంటే పన్నెండే! వందకి డబ్బు కడుతున్నాం, పన్నెండు వాడుతున్నారు. ఇంక వీళ్లకి నెట్ స్లో ఏంట్రా?"

2020 ఆగస్టులో ఓ రాత్రి పదింటికి మా బాబాయ్ నా మొహం ముందు ఫోన్ పెట్టి అరిచిన మాట ఇది. స్క్రీన్ మీద అగ్గిపెట్టెంత గ్రాఫ్. అందులో ఆకుపచ్చ కొండ ఒకటి, దాని మీద సన్నగా నీలం గీత. కింద చీమతలకాయల్లాంటి అక్షరాల్లో ఏవో అంకెలు.

బాబాయ్‌ది పశ్చిమ గోదావరిలో ఓ చిన్న ఊళ్లో కేబుల్ టీవీ వ్యాపారం. తర్వాత దానికే ఇంటర్నెట్ తగిలించాడు. పైనుంచి 100 ఎంబీపీఎస్ లైన్ కొని 160 ఇళ్లకి పంచుతాడు. లాక్‌డౌన్‌లో నేను హైదరాబాద్ నుంచి లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశా. "కంప్యూటర్ చదివినోడివి కదా, కాస్త చూడరా" అన్నాడు. మన ఇళ్లల్లో కంప్యూటర్ చదివినవాడంటే ప్రింటర్ నుంచి ఇన్వర్టర్ దాకా అన్నీ వాడే చూడాలిగా!

ఆ నెలలో సాయంత్రం ఏడు దాటితే ఆఫీసు ఫోన్ ఆగేది కాదు. అందరికంటే ఎక్కువగా మూడో వీధి టీచరమ్మ చేసేవారు. టెన్త్ పిల్లలకి రోజూ ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఫోన్‌లోనే లెక్కలు చెప్పేవారావిడ. "బాబూ, నేను బోర్డు మీద రాసేది వాళ్లకి కనపడట్లేదు, నా గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్తోంది" అని ఒకటే గోల. బాబాయేమో గ్రాఫ్ చూసి "మా దగ్గర అంతా బాగానే ఉందమ్మా, మీ ఫోన్‌లోనే ఏదో" అని పెట్టేసేవాడు.

ఆ రాత్రి ఆయన ఇంకో నిర్ణయానికి కూడా వచ్చేశాడు. లైన్లు చూసే కుర్రాడే ఎక్కడో జాయింట్లు సరిగ్గా వెయ్యట్లేదని! ఇరవై రెండేళ్ల పిల్లాడు, వానలో కూడా స్తంభాలెక్కేవాడు. "వచ్చే నెల నుంచి రావద్దని చెప్పేస్తా. ఇదిగో చూడు, మొదట్లో బాగానే ఉంది, పోనుపోను పడిపోతోంది" అని కొండ మీద వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి జార్చాడు.

చూస్తే నిజంగానే అలాగే ఉంది. ఎడమ పక్క ఎత్తుగా, కుడికి వెళ్లేకొద్దీ పల్లంగా.

"ఈ గ్రాఫ్ ఎవరు పెట్టారు బాబాయ్?"

"ఇదివరకు పనిచేసినతను. ఆ మూల పాత సిస్టమ్‌లో ఉంటుంది. అతను వెళ్లాక దాన్నెవరూ ముట్టుకోలేదు."

ముట్టుకోకపోవడమే తప్పని నాకు అప్పటికి తెలీదు.

లీసెస్టర్ నుంచి మా ఊరి దాకా

ఆ పాత సిస్టమ్‌లో ఉన్నది ఎమ్మార్టీజీ. అంటే మల్టీ రూటర్ ట్రాఫిక్ గ్రాఫర్. ఇంటర్నెట్ లైన్లు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ "ఎమ్మార్టీజీ పంపు" అంటే "గ్రాఫ్ పంపు" అనే అర్థం. పేరే మామూలు మాటైపోయిందన్నమాట, జిరాక్స్‌లాగ.

టోబియాస్ ఓటికర్ అనే స్విస్ కుర్రాడు ఇంగ్లండ్‌లోని లీసెస్టర్‌లో, డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీలో పనిచేసేటప్పుడు రాసుకున్న ప్రోగ్రామ్ ఇది. 1994లో అక్కడ బయటి ప్రపంచానికి ఉన్నది ఒకే ఒక్క 64 కిలోబిట్ల లైన్. మీరు చదివింది నిజమే, మెగాబిట్లు కాదు, కిలోబిట్లే. ఇప్పుడు మనం వాట్సాప్ స్టేటస్‌కి పెట్టే ముప్పై సెకన్ల వీడియో ఆ దారిన వెళ్లాలంటే టీ తాగి రావచ్చు. యూనివర్సిటీ మొత్తానికి అదొక్కటే గతి కాబట్టి లైన్ ఎలా ఉందో అందరికీ ఆత్రమే. ఆ ఆత్రానికి సమాధానంగా 1995లో మొదటి వెర్షన్ బయటికొచ్చింది. గ్రాఫ్‌ల వెనకుండే సరుకుని విడదీసి ఆయనే 1999లో ఆర్ఆర్‌డీటూల్ అని ఇంకోటి చేశాడు. ఆ తర్వాత వచ్చిన చాలా మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లు దాని మీదే నిలబడ్డాయి.

పనితీరు మాత్రం చాలా సింపుల్. ప్రతి ఐదు నిమిషాలకీ రూటర్ దగ్గరకి వెళ్లి "ఇప్పటిదాకా ఎన్ని బైట్లు లోపలికొచ్చాయి, ఎన్ని బయటికెళ్లాయి?" అని అడుగుతుంది. కిందటిసారి చెప్పిన లెక్క తీసేసి, సెకనుకి ఎంత పడిందో చూసి, గీత గీస్తుంది. లోపలికొచ్చేది పచ్చ రంగు, బయటికెళ్లేది నీలం గీత. కరెంటు మీటర్ రీడింగ్ తీసినట్టే.

ఎలా గియ్యాలి అనేది మాత్రం దానికి మనం చెప్పాలి. చెప్పకపోతే దానికి తోచినట్టు గీస్తుంది. ఆ రాత్రి కాన్ఫిగ్ ఫైల్ తెరిచి చూస్తే మావాళ్లు ఏమీ చెప్పలేదు.

పన్నెండు కాదు, తొంభై ఆరు

ముందు ఆ పన్నెండు సంగతి. ఎమ్మార్టీజీ ఊరికే వదిలేస్తే సెకనుకి ఇన్ని బైట్లు అని చూపిస్తుంది. మనం కొనే లైన్ ఏమో బిట్లలో. ఎనిమిది బిట్లయితే ఒక బైట్. అంటే బాబాయ్ చూసిన 12 మెగాబైట్లని ఎనిమిదితో గుణిస్తే 96 మెగాబిట్లు. వందలో తొంభై ఆరు! లైన్ ఖాళీగా లేదు, పీకల దాకా నిండిపోయింది.

ఇది మీ ఫోన్‌లోనూ జరుగుతుంది. 40 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని, డౌన్‌లోడ్ పెడితే సెకనుకి 5 ఎంబీ అని కనపడగానే "మోసం" అని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినవాళ్లు మనలో చాలామందే. మోసం కాదు, 5 ఎనిమిదులు 40. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు చిన్న బీ అయితే బిట్, పెద్ద బీ అయితే బైట్. ఒక్క అక్షరం సైజులో ఎనిమిది రెట్ల తేడా దాచిపెట్టిన మహానుభావులెవరో గానీ!

మరి గ్రాఫ్ కింద శాతం కూడా రాస్తుంది కదా, అది చూసినా తెలియాలిగా? అక్కడింకో చిక్కు. ఆ శాతం లెక్కకి మ్యాక్స్‌బైట్స్ అని ఒక అంకె ఇవ్వాలి. మొదట సెటప్ చేసినప్పుడు ఆ అంకె రూటర్ పోర్ట్ స్పీడ్‌ని బట్టి దానంతటదే పడింది. మా పోర్ట్ గిగాబిట్‌ది, కొన్న లైన్ మాత్రం వంద మెగాబిట్లు. అందుకని 96 వాడుతున్నా 9.6 శాతం అని రాసేది. ఆర్టీసీ బస్‌స్టాండ్‌లో వెయ్యి మంది పడతారు కాబట్టి, యాభై సీట్ల బస్సులో ఎనభై మంది ఎక్కినా ఖాళీగా ఉన్నట్టే అన్నమాట.

ఆప్షన్స్ అనే వరుసలో 'బిట్స్' అని చేర్చాను. మ్యాక్స్‌బైట్స్‌ని 1,25,00,000 చేశాను. ఇది మాత్రం బైట్లలోనే ఇవ్వాలి, వంద మెగాబిట్లని ఎనిమిదితో భాగిస్తే వచ్చేది అదే. ఇక్కడొక జాగ్రత్త: రీడింగ్ ఆ అంకె దాటితే ఎమ్మార్టీజీ దాన్ని నమ్మదు, పక్కన పడేస్తుంది. లైన్ అప్పుడప్పుడూ కాస్త ఎక్కువ పోనిచ్చేదైతే యాబ్స్‌మ్యాక్స్ అని పై హద్దు ఇంకోటి విడిగా ఇవ్వాలి.

ఇక కుర్రాడి కేసు. 'మొదట్లో బాగానే ఉంది, పోనుపోను పడిపోతోంది' అన్నాడే బాబాయ్, దానికి జవాబు విన్నాక ఆయన కాసేపు మాట్లాడలేదు. ఎమ్మార్టీజీ మొదటి నుంచీ గ్రాఫ్‌ని ఎడమకి పెంచుకుంటూ పోతుంది. 'ఇప్పుడు' అనేది ఎడమ అంచున ఉంటుంది, కుడికి వెళ్లేకొద్దీ గతం. మనం చదివేదేమో ఎడమ నుంచి కుడికి. ఆయన చూసిన పతనం నిజానికి ఎక్కడం: మధ్యాహ్నం పల్లంగా ఉన్న వాడకం ఏడింటికి పైకి లేచి పదింటికి ఇంకా అక్కడే ఉంది. లైన్ పాడవడం లేదు, జనం పెరుగుతున్నారు. అడుగున గంటలు రాసే ఉంటాయి, కాదనను. కానీ గ్రాఫ్ వెడల్పు 400 పిక్సెళ్లు, ఎత్తు 100. ఆ కాలం మానిటర్లకి సరిపోయేది. ఫోన్‌లో ఆ అంకెలు చూడాలంటే భూతద్దం కావాలి.

'గ్రోరైట్' అనే ఒక్క మాట చేర్చితే కాలం మనవైపు తిరిగింది. వెడల్పు 600 చేశాను, అది దాని గరిష్ఠం. ఎత్తు 200.

ఐదు నిమిషాలాగి రిఫ్రెష్ చేస్తే గ్రాఫ్ మారిపోయింది. పచ్చకొండకి శిఖరం లేదు! ఏడు నుంచి పది దాకా పైభాగం కత్తితో కోసినట్టు సమంగా, భోజనాల బల్లలా ఉంది. మనుషుల వాడకం ఎప్పుడూ అంత సాపుగా ఉండదు, ఎగుడుదిగుడుగా ఉంటుంది. అంత సాపుగా ఉందంటే పైన ఏదో కప్పు తగిలి ఆగిపోయిందని అర్థం. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, ఏ సాఫ్ట్‌వేర్ గ్రాఫ్‌లోనైనా పనికొస్తుంది.

"అయితే వాడి తప్పు లేదంటావ్," అన్నాడు బాబాయ్.

లేదన్నాను. ఆయన లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాడు. ఆ పిల్లాడి విషయం ఇంక ఎత్తలేదు. సారీ చెప్పే వంశం కాదు మాది.

చిన్న వీధి, పెద్ద కొండ

కుర్రాడు బయటపడగానే నింద మూడో వీధి మీదకి మళ్లింది. ప్రతి వీధి స్విచ్‌కీ ఒక గ్రాఫ్ ఉంది. మూడో వీధిలో ఉన్నవి పదకొండు ఇళ్లే. కానీ వాళ్ల కొండ మెయిన్ లైన్ కొండంత ఎత్తు! "చూశావా, అంతా వీళ్లే తాగేస్తున్నారు. పైగా టీచరమ్మే రోజూ ఫోన్ చేసేది."

ఇదీ అమరికే. ఎమ్మార్టీజీ ప్రతి గ్రాఫ్‌నీ దానిలో ఉన్న డేటాకి తగ్గట్టు నిలువునా సాగదీస్తుంది. కొంచెం ట్రాఫిక్ ఉన్నా కనపడాలని మంచి ఉద్దేశంతోనే. దానివల్ల ఏడు మెగాబిట్లు వాడే వీధీ, తొంభై ఆరు వాడే ఊరూ ఒకే ఎత్తున కనపడతాయి. పాస్‌పోర్ట్ ఫొటోల్లో చంటిపిల్లాడి తల, వస్తాదు తల ఒకే సైజు ఉన్నట్టు. 'అన్‌స్కేల్డ్' పెడితే ఆ సాగదీత ఆగి, మ్యాక్స్‌బైట్స్ దాకా మొత్తం ఎత్తూ చూపిస్తుంది. వీధి గ్రాఫ్‌లన్నిటికీ మెయిన్ లైన్ హద్దునే ఇచ్చి అది పెట్టా. మూడో వీధి కొండ కాస్తా చీమలపుట్టైంది. అయితే అన్నిచోట్లా ఇలా పెట్టెయ్యకండి. చిన్న లైన్‌లో చిన్న మార్పు పట్టుకోవాలంటే సాగదీసిన గ్రాఫే మేలు. పక్కపక్కన పెట్టి పోల్చాలంటే మాత్రం ఒకే కొలబద్ద ఉండాలి.

బాబాయ్ దగ్గర ఇంకో ఆయుధం మిగిలింది. నెల గ్రాఫ్. "సరే, రాత్రి మూడు గంటలు నిండిందనుకో. నెల మొత్తం సగటు చూడు, యాభై దాటట్లేదు. సగం లైన్ వృథా అవుతుంటే ఇంకో వంద కొనమంటావా?" డబ్బు ఆయనది, కాబట్టి ప్రశ్న న్యాయమే.

రోజు గ్రాఫ్‌లో ఒక్కో చుక్క ఐదు నిమిషాల సగటు. వారం గ్రాఫ్‌కొస్తే అరగంట సగటు. నెలకి రెండు గంటలు. ఏడాదికి ఏకంగా ఒక రోజు. పాతబడేకొద్దీ అంకెల్ని కలిపి కుదించేస్తుంది కాబట్టే దాని లాగ్ ఫైల్ ఎన్నేళ్లైనా పెరగదు. దానికి మనం కట్టే ధర ఏమిటంటే, శిఖరాలు అరిగిపోతాయి. పొద్దున ఎనిమిదింటి కాలేజీ బస్సు ఫుట్‌బోర్డ్ మీద వేలాడినవాడికీ, మధ్యాహ్నం రెండింటి బస్సులో కాళ్లు చాపుకుని పడుకున్నవాడికీ సగటు తీస్తే ఇద్దరికీ హాయిగా సీటు దొరికినట్టే. టీచరమ్మ క్లాసు గంటన్నర. నెల గ్రాఫ్‌లో అది పక్కనున్న ఖాళీ సమయంతో కలిసిపోతుంది. ఏడాది గ్రాఫ్‌లో అర్ధరాత్రుల ఖాళీలో మునిగిపోతుంది.

'విత్‌పీక్' అని ఒక ఆప్షన్ ఉంది. వారం, నెల, ఏడాది గ్రాఫ్‌ల మీద సగటుతో పాటు ఐదు నిమిషాల గరిష్ఠాలు కూడా వేరే రంగులో గీస్తుంది. అదృష్టమేంటంటే ఆ గరిష్ఠాలని అడిగినా అడక్కపోయినా లాగ్‌లో ముందు నుంచే రాసిపెడుతుంది. ఆప్షన్ పెట్టగానే పాత నెల కూడా బయటపడింది. ముదురు ఆకుపచ్చ గీత రోజూ సాయంత్రం వెళ్లి తొంభై ఆరుకి తగిలి వస్తోంది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

బాబాయ్ ఆ నెల గ్రాఫ్‌ని చాలాసేపు చూశాడు. తర్వాత, "ఎంత మంది మానేశారో తెలుసా ఈ నెల్లో? పద్నాలుగు ఇళ్లు," అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ అంకె చెప్పలేదాయన.

సాఫీగా సాగిన అబద్ధం

ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నా, కానీ ఇందులో నా తప్పూ ఉంది. ఆగస్టు మొదటి వారంలో ఓ సాయంత్రం టీచరమ్మ ఫోన్ నేనే ఎత్తాను. "నెట్ అసలు లేదు బాబూ, లైటే వెలగట్లేదు" అన్నారు. నేను మూడో వీధి గ్రాఫ్ చూసి, "లేదండీ, ట్రాఫిక్ వెళ్తోంది, మీ డబ్బా ఒకసారి ఆపి వెయ్యండి" అన్నా. ఆవిడ మూడుసార్లు ఆపి వేశారు. తర్వాత ఫోన్ చెయ్యలేదు.

అమరికలన్నీ మార్చాక ఆ రోజు లాగ్ తీసి చూశా. ఏడూ పది నుంచి ఎనిమిది దాకా మూడో వీధి అంకె ఒక్క బిట్ కూడా తేడా లేకుండా అదే. యాభై నిమిషాలు! అప్పుడు గుర్తొచ్చింది, ఆ సాయంత్రం కరెంటు పోయింది, వీధి స్విచ్ బ్యాటరీ అప్పటికే ముసలిది. స్విచ్ పలక్కపోతే ఎమ్మార్టీజీ ఏం చేస్తుందంటే, ఆఖరిసారి విన్న అంకెనే మళ్లీ మళ్లీ రాస్తూ పోతుంది. చచ్చిపోయిన స్విచ్ నా స్క్రీన్ మీద యాభై నిమిషాలు బతికే ఉంది.

'అన్‌నోన్‌యాజ్‌జీరో' పెడితే పలకనప్పుడు సున్నా రాస్తుంది. ఇది ఆలోచించి పెట్టాలి. సున్నా కంటే ఎటూ కదలని అడ్డగీతే చాలాసార్లు తొందరగా కంట్లో పడుతుందని దాని మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉంది. తెలిసినవాడికి నిజమే. పైగా సున్నాలు సగటుని కిందకి లాగుతాయి కూడా. కానీ మా ఆఫీసులో గ్రాఫ్ చూసేది బాబాయ్, కుర్రాడు, నేను. మా ముగ్గురికీ గుంట కనపడితేనే గుండె ఝల్లుమంటుంది. అందుకని పెట్టేశా. మర్నాడు టీచరమ్మ ఇంటికెళ్లి, ఆ రోజు తప్పు మాదేనని చెప్పా. "చెప్పానుగా బాబూ లైట్ వెలగట్లేదని" అన్నారంతే. కాఫీ ఇచ్చారు.

సెప్టెంబర్‌లో బాబాయ్ 200 ఎంబీపీఎస్ లైన్ తీసుకున్నాడు. మ్యాక్స్‌బైట్స్ రెట్టింపు చేసి, అందరం రాత్రి ఎనిమిదింటికి స్క్రీన్ ముందు కూర్చున్నాం. పచ్చకొండ ఎక్కింది, ఎక్కింది, 114 దాకా వెళ్లి... దభీమని కింద పడింది! మళ్లీ ఏమీ ఎరగనట్టు పది, ఇరవై అంటూ పైకి.

"డబ్బు పోసి లైన్ పెంచితే వాడకం తగ్గిందేంట్రా!"

ఫోన్లు మాత్రం మోగట్లేదు. అంటే ఊళ్లో నెట్ బాగానే ఉంది, గ్రాఫ్‌కే ఏదో అయ్యింది. ఈసారి తప్పు గీతలో లేదు, మీటర్లోనే ఉంది. పాత పద్ధతి కౌంటర్ 32 బిట్లది, 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకొస్తుంది. పాత స్కూటర్ మీటర్ 99,999 తర్వాత సున్నాలైనట్టు. ఐదు నిమిషాల్లో ఒకసారి తిరిగితే ఎమ్మార్టీజీ సర్దుకుంటుంది. 114 మెగాబిట్లు దాటితే ఆ ఐదు నిమిషాల్లోనే మీటర్ పూర్తి చుట్టు చుట్టేసి ఇంకా ముందుకెళ్తుంది, ఆ చుట్టు లెక్కలోకి రాదు. నిజంగా 150 పోతుంటే 35 అని రాస్తుంది. దీనికి మందు 64 బిట్ల కౌంటర్. టార్గెట్ వరుస చివర ఐదు కోలన్లూ, ఒక 2 కొడితే రూటర్‌ని ఆ పెద్ద మీటర్ అడుగుతుంది. రూటర్ దగ్గర ఆ మీటర్ ఉండాలనుకోండి, మాదానికుంది.

కొట్టి, పది నిమిషాలాగాం. గ్రాఫ్ 146 చూపించింది. పైన శిఖరం ఎగుడుదిగుడుగా, గొర్రె చెవుల్లా. ఇంత అందవికారమైన గీత చూసి ఇంత సంతోషపడింది నేనెప్పుడూ లేదు. లైన్లు చూసే కుర్రాడు దాన్ని తన ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. వాడి ఫోన్‌లో కూడా గ్రాఫ్ లింక్ పెట్టమన్నాడు బాబాయ్.

అంతలో మూడో వీధి గ్రాఫ్‌లో గుంట పడింది. సున్నా. బాబాయ్ నాకంటే ముందే చూసి టీచరమ్మకి ఫోన్ కలిపాడు.

"అమ్మా, మీకు నెట్ ఆగినట్టుంది, కుర్రాణ్ని పంపిస్తున్నా..."

"నెట్ సంగతి తర్వాత బాబూ, కరెంటు లేదు. వచ్చేటప్పుడు నాలుగు కొవ్వొత్తులు తెమ్మను," అన్నారావిడ.